పెద్దమ్మ ఎంచుకున్న చోటు

పెద్దమ్మకు పక్షవాతం మా దుకాణంలో ఉండగానే వచ్చింది. జాకెట్ ముక్కలు మడతపెడుతూ కూర్చున్న మనిషి, చేతిలోంచి జారిపోయిన గుడ్డను మళ్లీ అందుకోలేకపోయింది. ఏమైందని అడిగితే నోట మాట సరిగా రాలేదు. నా భర్త వెంటనే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తొందరగా తీసుకురావడం మంచిదైందని డాక్టర్లు అన్నారు. ప్రాణానికి భయం లేదు. కానీ కుడి కాలు, కుడి చెయ్యి పట్టు తప్పాయి. మాట వస్తుంది గాని, ఒక్కో మాటనూ ఎక్కడినుంచో మోసుకొస్తున్నట్టు వస్తుంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. స్టేషన్ ఘన్‌పూర్‌లో పెదనాన్నతో కలిసి కిరాణా దుకాణం నడిపింది. పిల్లలు లేరు. పెదనాన్న పోయాక నేను పట్టుబట్టి వరంగల్ తీసుకొచ్చాను. మాది బట్టల దుకాణం, ఇల్లు దానిపైనే. ఇరుకైన మెట్లు. ఆమెను ఎత్తుకుని దించడం, ఎక్కించడం మావల్ల అయ్యే పని కాదు. రోజూ వ్యాయామం చేయించేవాళ్లు, పక్కకు తిప్పేవాళ్లు కావాలని, ఇలాంటివాళ్లను చూసుకునే ఏదైనా మంచి హోంలో కొన్ని నెలలు ఉంచితే తేరుకుంటుందని డాక్టరు చెప్పాడు.

మా అమ్మ ఆ మాట వినగానే ముఖం తిప్పుకుంది. "మనోళ్లను మనం చూసుకోలేమా? నలుగురు ఏమంటరు?" అంది. నలుగురి సంగతి తర్వాత, ముందు మంచి హోం అంటే ఏదో ఎట్లా తెలుస్తుందన్నదే నా దిగులు. చీర చేతిలోకి తీసుకుంటే నేతలో తేడా పట్టగలను. ఇది అట్లాంటిది కాదు కదా.

మొదట నేనొక్కదాన్నే వెళ్లి చూసిన హోం ఊరి అంచున కొత్తగా కట్టింది. అద్దాల తలుపులు, మెరిసే నేల, చల్లటి గాలి. ఎక్కడా వాసన లేదు. మేనేజరు నన్ను మర్యాదగా గదులన్నీ తిప్పాడు. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. "మా దగ్గర ఇప్పటిదాంక ఒక్క ప్రాబ్లం రాలేదు మేడం" అన్నాడు.

ఆడవాళ్ల గదిలో మంచాల మీద పెద్దావిడలు పడుకుని ఉన్నారు. అందరి జుట్టూ ఒకేలా, చెవుల పైకి కత్తిరించి ఉంది. అదేమిటని అడిగితే, "క్లీన్‌గ ఉంటది మేడం, పేన్లు గిట్ల పడవు" అన్నాడు. కిటికీ పక్క మంచం మీదున్న ఆవిడ నా కొంగు పట్టుకుంది. ఏదో చెబుతుందేమోనని వంగాను. మేనేజరు "అవ్వా, వదులు" అనగానే చెయ్యి తీసేసింది. ఆమె మంచినీళ్ల గ్లాసు చేతికి అందకుండా గోడ దగ్గర బల్ల మీద ఉంది. నేను ఆమె వైపు జరిపాను.

అయినా ఇంటికి వస్తూ ఆ శుభ్రత గురించే అనుకున్నాను. నా భర్తకు కూడా అదే నచ్చింది. ఆసుపత్రిలో పెద్దమ్మ పక్కన కూర్చుని అన్నీ వివరంగా చెప్పాను. ఆమె అంతా విని ఒక మాట అడిగింది.

"ఆడోళ్లు... ఏం ముచ్చట పెట్టుకుంటాన్రు?"

నేను ఆలోచించాను. గదినిండా మనుషులున్నారు, టీవీ మోగుతోంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను వినలేదు. ఆ సంగతే చెప్పాను.

"ఈసారి... నన్ను గూడ తోల్కపో" అంది పెద్దమ్మ. "ఉండేది నేను గదా."

ఆసుపత్రి నుంచి పంపిన రోజున ఆమెను చక్రాల కుర్చీతో సహా నేరుగా ఇంకో హోం చూడటానికి తీసుకెళ్లాం. అది హన్మకొండలో ఒక సందులో పాత రెండంతస్తుల ఇల్లు. గోడలకు రంగు వెలిసింది. లోపలికి అడుగు పెట్టగానే ఫినాయిల్ వాసన, దానితోపాటే పప్పు పోపు వాసన. వరండాలో ఒక ముసలావిడ పనమ్మాయి మీద గట్టిగా అరుస్తోంది. "చాయ్ అని తెచ్చినవు, నీళ్లు తెచ్చినవు. గింత చల్లటిది ఎవలు తాగుతరు? తీస్కపో."

నాకు ప్రాణం ఉసూరుమంది. నా భర్త నావంక చూశాడు. ఆ అమ్మాయి మాత్రం "ఇయ్యాల నిజంగనే చల్లగైంది అవ్వా, కాసుకొస్త ఆగు" అని గ్లాసు తీసుకుని వెళ్లింది. వేడి చేసి తెచ్చేదాకా ఆ ముసలావిడ పక్కనున్న ఇంకొకామెతో ఆ చాయ్ గురించే చెబుతూ కూర్చుంది. పెద్దమ్మ మూతి ఎడమవైపు కొంచెం సాగింది. జబ్బు చేశాక ఆమె నవ్వడం అదే మొదలు.

హోం చూసుకునేది ఒక నర్సు. నడివయసు మనిషి, రైల్వేలో పనిచేసిన తండ్రికి డోర్నకల్‌లో పుట్టిందట. వచ్చీ రాగానే మాకు కుర్చీలు చూపించి, తాను పెద్దమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఏ పక్కకు పండుకుంటే నీకు మంచిగ నిద్ర పడ్తది?"

పెద్దమ్మ పెదవులు కదిపింది. మాట రాలేదు. ఎప్పటిలాగే నేను అందుకుని, "ఎడమ పక్కకు" అనబోయాను. నర్సు నావైపు చూడకుండానే చెయ్యి కొంచెం ఎత్తి ఆపింది. అందరం ఆగాం. బయట ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.

"గోడ దిక్కు" అంది పెద్దమ్మ చివరికి.

అన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా నాకు తెలియని విషయం అది.

మొదటి హోంలో విన్న మాట గుర్తొచ్చి, ఇక్కడ ఎప్పుడైనా ఎవరైనా పడ్డారా అని అడిగాను. "పడ్డరక్కా" అంది నర్సు. "ఈ మధ్యనే ఒక తాత బాత్రూం కాడ జారిండు. మణికట్టు ఇరిగింది. ఆయన కొడుక్కు మేమే ఫోన్ చేసి చెప్పినం. అటెనుక గోడలకు రాడ్లు పెట్టిచ్చినం. రాండ్రి, చూద్దురు గని." తీసుకెళ్లి చూపించింది. రాడ్డు పట్టుకుని గట్టిగా లాగి చూశాను. కదల్లేదు.

బయటికి వచ్చాక నా భర్త, "మనిషి పడ్డడని ఆమెనే చెప్తాంది. ఈడెట్ల ఉంచుతం?" అన్నాడు. నాకూ ఎటూ తేలలేదు. ఆటో ఎక్కించడానికి పెద్దమ్మ కుర్చీని తిప్పబోతే, ఆమె ఎడమ చేత్తో చక్రం పట్టుకుంది.

"ఈడనే" అంది. ఎందుకని అడిగాను. మాట కూడబలుక్కుని చెప్పింది. "ఈడ... కొట్లాడచ్చు."

అక్కడే చేర్చాం. మొదటి నెల నేను ఎప్పుడు పడితే అప్పుడు, చెప్పకుండా వెళ్లేదాన్ని. అన్నం పెట్టే వేళ ఒకసారి, అందరూ కునుకు తీసే వేళ ఒకసారి. వానలు పడుతున్న ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి పెద్దమ్మ తడిసిన దుప్పటి మీద పడుకుని ఉంది. పిలిచినా ఎవరూ రాలేదట. నాకు ఒళ్లు మండిపోయింది. నర్సును పిలిచి అడిగేశాను. ఆమె బుకాయించలేదు. "తప్పైంది అక్కా. ఇద్దరు సెలవుల ఉన్నరు, నేను పైన ఉన్న" అంటూనే దుప్పటి మార్చింది, పెద్దమ్మ ఒళ్లు తుడిచింది. ఆ సాయంత్రానికి ప్రతి మంచానికీ తాడుతో ఒక చిన్న గంట కట్టించారు. నాకు ఒక పట్టాన కోపం తగ్గలేదు. వేరే చోటికి మారుద్దామా అని కూడా అడిగాను. పెద్దమ్మ వద్దని తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా ఏదో ఒక మంచం దగ్గర గంట మోగుతూనే ఉండేది, పనివాళ్లు ఎవరో ఒకరు అటు వెళ్తూనే ఉండేవాళ్లు.

ఇంకోసారి నర్సే ఫోన్ చేసింది. మడమ మీద కొంచెం ఎర్రగా కనబడిందని, కాలి కింద దిండు పెట్టి ఎత్తులో ఉంచుతున్నామని. "ఫికర్ చేయకు అక్కా, నువ్వొచ్చినంక చూసి గాబరా పడ్తవని ముందుగాల చెప్తాన్న." నేను వెళ్లేసరికి ఆ ఎరుపు తగ్గుముఖం పట్టింది. ఆ రోజు నుంచి తనిఖీ కోసం వెళ్లడం మానేశాను. పెద్దమ్మను చూడాలనిపించినప్పుడు వెళ్లాను, అంతే.

చాయ్ కోసం అరిచిన ఆ ముసలావిడది పెద్దమ్మ పక్క మంచమే. పల్లెలో ఎవుసం చేసి వచ్చిన మనిషి. గట్టి గొంతు, అంతకన్నా గట్టి మనసు. పెద్దమ్మ ఒక మాట అనేలోపు ఆమె పది మాటలు మాట్లాడేది. కానీ పెద్దమ్మ నోరు తెరిస్తే మాత్రం ఆగేది. ఇద్దరూ కలిసి వరండాలో రాడ్డు పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. ఎవరు ముందు చివరనున్న నీళ్ల తూము దాకా వెళ్తారని పంతాలు.

బతుకమ్మ పండుగకు హోం వాకిట్లో తంగేడు, గునుగు, బంతిపూలు కుప్పలు పోశారు. వ్యాయామం చేయించే అబ్బాయి పెద్దమ్మ కుడి చేతికి గునుగు పూలు ఒక్కొక్కటిగా అందిస్తున్నాడు. సన్నటి కాడను వేళ్లతో పట్టుకోవడమే ఆ రోజు వ్యాయామం. మొదటివన్నీ జారిపోయాయి. ఆమె విసుక్కోలేదు. తర్వాత ఒకటి నిలిచింది. దాన్ని అలాగే పట్టుకుని తాంబాలంలో పేర్చేదాకా మేమంతా పని మానేసి చూశాం. మా అమ్మ కూడా వచ్చింది ఆ రోజు. పెద్దమ్మ పక్కన పీట వేసుకుని పూలు అందించడం మొదలుపెట్టింది.

ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చని డాక్టరు ఆ వారమే చెప్పాడు. మేం సంబరంగా వెళ్లి చెబితే, పెద్దమ్మ "పండుగ ఒడిసినంక పోదాం" అంది.

అలాగే పండుగ అయిపోయాకే తెచ్చుకున్నాం. ఇప్పుడు చేతికర్రతో ఇల్లంతా తిరుగుతోంది, గోడ పట్టుకుని మెట్లు కూడా దిగుతోంది. మాట ఇంకా నిదానమే, మేం కూడా ఆగడం నేర్చుకున్నాం. వారానికోసారి వ్యాయామానికి హోంకు పోవాలి. పోయిన వారం దుకాణంలో గిరాకీ ఉండి నేను ఆలస్యం చేస్తే, పైనుంచి తనే ఫోన్ చేసింది.

"బిడ్డా... పక్క మంచమామె ఎదురు చూస్తాంటది. నువ్వు రాకున్నా... నేను పోతాన్న."