శుక్రవారాలే వచ్చే ఫిట్స్

2022 వేసవి. గల్ఫ్‌లో, సిత్రా అనే ఊళ్లో, కాంట్రాక్టర్ల లేబర్ క్యాంపులకు దగ్గరలో ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో నేను స్టాఫ్ నర్సుని. మగ నర్సుని ఇక్కడ ‘బ్రదర్’ అంటారు. అరవై దాటిన నన్ను పాతికేళ్ల కుర్రాళ్లు కూడా బ్రదర్ అనే పిలుస్తారు, నాకది బాగానే ఉంటుంది. ఈ కేసు గురించి చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, ఆ అమ్మాయి గుమ్మంలో అడుగు పెట్టగానే సంగతి కనిపెట్టేశానని చెప్పుకున్నాను. ఈసారి అచ్చులోకి వెళుతోంది కాబట్టి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాను.

రాజేశం జగిత్యాల వైపు మనిషి. స్కాఫోల్డింగ్ పనిలో, అంటే కట్టడాల చుట్టూ ఇనుప పైపులతో సారువలు కట్టే పనిలో, ఫోర్‌మన్. ఏళ్ల తరబడి క్యాంపులో ఉండి, ఆ ఏడే రిఫాలో ఒక గది తీసుకుని భార్య శ్యామలను విజిట్ వీసా మీద తెచ్చుకున్నాడు. పెళ్లయి ఎనిమిదేళ్లు. అయితే ఇద్దరూ కలిసి ఉన్నది అతను సెలవు మీద ఊరెళ్లిన రోజులే.

వాళ్లు మందు కోసం రాలేదు. ‘ఫిట్ టు ఫ్లై’ కాగితం కావాలన్నారు. జబ్బు మనిషి విమానం ఎక్కవచ్చని డాక్టరు రాసిచ్చే కాగితమది.

“మా ఆమెకు ఫిట్సు వస్తున్నయి సార్. నేను డ్యూటీకి పోతే రూంల ఒక్కతే ఉంటది. ఏమన్న అయితే ఎవలు జూస్తరు? గందుకే ఇంటికి తోలిస్తున్న” అన్నాడు రాజేశం.

“నేను పోనంటున్న సార్. ఎనిమిదేండ్లకు ఒక్క తాన ఉన్నం. గోలీలు ఇయ్యుండ్రి, మింగుకుంట ఈడనే ఉంట” అంది శ్యామల. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

డాక్టరు చూసేముందు హిస్టరీ తీసుకోవడం, అంటే జబ్బు పుట్టుపూర్వోత్తరాలు అడిగి రాసుకోవడం, నా పని. కాళ్లు వణుకుతాయట. గుండె దడదడలాడుతుందట. ఒళ్లంతా బిగుసుకుని వదిలేస్తుందట. వాళ్ల మేనత్తకు ఫిట్స్ ఉండేవట, ఇదీ అదేనని ఆమె భయం. స్పృహ తప్పదు, నాలుక కరుచుకోదు. బీపీ, షుగర్, ఈసీజీ అన్నీ బాగానే ఉన్నాయి.

“ఎప్పుడెప్పుడు వచ్చిందమ్మా?”

“శుక్రారం.”

“ప్రతిసారీ శుక్రవారమేనా?”

“ఆఁ.” తల వంచేసుకుంది.

నా అనుభవమంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. “శుక్రవారం ఏం వండుతావు?”

“చాపల కూర.”

దొరికిందనుకున్నాను. చేప పడటం లేదని కాగితం మీద రాసేశాను కూడా. “చాపలు నేను గూడ తిన్న గద సార్, నాకేం గాలే” అన్నాడు రాజేశం. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో రకమని ధీమాగా చెప్పాను. గుమ్మంలోనే కనిపెట్టిన మహానుభావుడి సంగతి ఇదీ.

మా డాక్టరమ్మ మలయాళీ. మా ఇద్దరికీ హిందీ ఉంది, శ్యామలకు తెలుగు తప్ప రాదు. నేను రాసింది చదివి, “బ్రదర్, శుక్రవారం చేప తినడం కాక ఇంకేం చేస్తారో అడగండి” అంది.

అడిగాను. రాజేశం గోడ మీది కంటి పరీక్ష బోర్డును శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

“శుక్రారం ఆయనకు సెలవు గద సార్” అంది శ్యామల.

“అయితే?”

“అయితే ఏముంది... ఇంట్లనే ఉంటడు.”

డాక్టరమ్మకు అనువాదం అక్కర్లేకుండానే అర్థమైంది. ఇద్దరు పిల్లల తండ్రిని, నాకు ఇంకో నిమిషం పట్టింది.

రాజేశాన్ని కాసేపు బయట కూర్చోమన్నారు. ఇలాంటివి భర్త ఎదుట కాకుండా ముందు భార్యను విడిగా అడగడం పద్ధతి. మగవాణ్ణి నేను ఉండవచ్చా, లేకపోతే ఫోన్‌లో ఆడమనిషిని మాట్లాడించమంటావా అని కూడా డాక్టరమ్మ నన్ను అడగమంది.

“ఉండనీయుండ్రి. మా నాయన లెక్కున్నడు” అంది శ్యామల. ముందు రోజే జుట్టుకు రంగు వేసుకున్నాను నేను.

“నీకు ఇష్టం లేకుండా ఏమైనా జరిగిందా?”

“లేదు. ఇష్టమే.”

“నొప్పి?”

“నొప్పి గాదు. కింద పట్టుకున్నట్టయితది, ఇడిసినట్టయితది, మల్ల పట్టుకుంటది. భయమై ఆయనను నూకేసిన. అయిపోయినంక ఒళ్లంత అల్కగయి నిద్ర ముంచుకొస్తది.” గొంతు తగ్గించింది. “ఆయన గూడ బుగులుపడ్డడు. గప్పటిసంది నా దగ్గరికే వస్తలేడు.”

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఇది ఫిట్స్ కాదు. ఆర్గాజం.”

ఆ మాటను తెలుగులో చెప్పాల్సినవాణ్ణి నేను. పుస్తకాల్లో భావప్రాప్తి అని ఉంది, అది విన్నవాళ్లెవరూ నాకు తగల్లేదు. అక్కడ అరగంట ఉపన్యాసం ఇచ్చానని స్నేహితులకు చెబుతుంటాను. నిజానికి నాకు తోచింది ఒక్క మాటే: “సుఖం కొసకు చేరినప్పుడు ఒళ్లు చేసే పనమ్మా ఇది.”

మిగతాదంతా డాక్టరమ్మదే. రాజేశాన్ని లోపలికి పిలిపించి ఇద్దరికీ కలిపి చెప్పింది. ఆ సమయంలో కటి భాగంలోని కండరాలు అలలు అలలుగా బిగిసి వదులుతాయి. గుండె వేగం, ఊపిరి పెరుగుతాయి. తర్వాత ఒళ్లు తేలికపడుతుంది. ఒకరికి కాళ్లు వణుకుతాయి, ఒకరికి నవ్వో ఏడుపో వస్తుంది, ఇంకొకరికి మెల్లగా ఒక వెచ్చదనం, అంతే. ఒకే మనిషికి కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తల పగిలిపోతున్నట్టు ఉన్నా మాత్రం వెంటనే రావాలి.

“మరి ఇన్నేండ్లు ఎందుకు రాలే?” అంది శ్యామల. ఆ ప్రశ్న డాక్టరమ్మకు చేరకముందే జవాబు తనే చెప్పేసింది. “ఇంటికాడ పక్క అర్రల మా అత్త ఉంటుండె. ఈయనేమో ఊపిరి బిగవట్టి, ఎవలో తరుముతున్నట్టు జేస్తుండె. నేనంటే మనసు లేదనుకున్న.”

రాజేశం మొహం ఎర్రబడింది. “అట్ల గాదే! క్యాంపుల ఒక్క రూంల ఎనమండుగురం. పైమంచం మీద నాకు నేను జేసుకున్నా సప్పుడు గావద్దు, జల్ది అయిపోవాలె. గదే అలవాటైంది. ఇంటికొచ్చినా అట్లనే ఉన్న.”

రిఫా గదిలో గోడవతల అత్త లేదు, కింది మంచంలో ఎవరూ లేరు. శుక్రవారం తొందరా లేదు. మగవాడి అంగంతో కలయిక ఒక్కదానితోనే చాలామంది ఆడవాళ్లకు ఆర్గాజం రాదని డాక్టరమ్మ చెప్పింది. క్లిటోరిస్ అని యోని పైభాగంలో బయటికి గింజంత కనిపించే అవయవం ఉంది, నరాల కొసలు వేలకొద్దీ అక్కడ గుమిగూడి ఉంటాయి, చేత్తోనో నోటితోనో నెమ్మదిగా, ఆమెకు నచ్చిన తీరులో తాకాలి అంది. తడి చాలకపోతే లూబ్రికెంట్, అంటే రాపిడి తగ్గించే జెల్, ఫార్మసీలో అడిగితే ఇస్తారంది. నేను కళ్లు నేలకు దించుకుని ఒక్క మాటా వదలకుండా తెలుగు చేశాను. కొంత నేనూ నేర్చుకున్నాను.

“ఆ కాయిదం వద్దు సార్” అంది శ్యామల, నన్ను కాదు, మొగుణ్ణి చూస్తూ. రాజేశం తల ఊపాడు.

గుమ్మం దాకా వెళ్లి ఆమె ఆగింది. “మల్ల వస్తే భయపడొద్దా?”

“రాకపోయినా భయపడొద్దు. ప్రతిసారీ రావాలనేమీ లేదు” అన్నాను. ఈ జవాబు నాదేనని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అది డాక్టరమ్మ మాట, నేను తెలుగు చేశానంతే.

“రాకపోతే నేను మంచిగ జెయ్యలేదనా మరి?” అన్నాడు రాజేశం, నిజంగానే దిగులుగా.

“నీకు నువ్వే అనుకునుడెందుకు? నన్నడుగు, నేను జెప్త” అంది శ్యామల.

నా సర్వీసంతా ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అని అడగడంలోనే గడిచింది. హాయిగా ఉందా అని అడగాల్సిన రోగులు కూడా ఉంటారని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు అడుగుతున్నాను. చెవులు ఎర్రబడతాయి, నావే.