వాలులో ఆపిన ఇంజన్

నిన్న మధ్యాహ్నం సుచిత్ర చౌరస్తాలో బస్సు ఆగగానే కాలిన బ్రేకుల వాసన గుప్పున లోపలికి కొట్టింది. గొంతుకు పట్టుకునే చేదు వాసన. స్టీరింగు ముందున్న కొత్త డ్రైవరుకు అది తెలియనే లేదు. కొంపల్లి నుంచి అక్కడిదాకా బండిని దూకించడం, తొక్కి ఆపడం, మళ్లీ దూకించడం, ఇదే వరస. ఒక స్కూలు బస్సుల డ్రైవర్లకు తర్ఫీదు ఇవ్వడం ఇప్పుడు నా పని. "గా ఎర్రలైటు దూరంకెల్లే కనవడ్తుంది గద తమ్మీ, ఇంక ఎక్సలేటర్ మీద కాలెందుకు?" అన్నాను. అన్నాక గుర్తుపట్టాను. ఆ మాట నాది కాదు, గౌస్ భాయ్‌ది.

ఇరవై మూడేళ్ల వయసులో దూలపల్లిలోని ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీలో చిన్న లారీ డ్రైవరుగా చేరాను. పొద్దున్నే ట్రేలు ఎక్కించుకుని మేడ్చల్, శామీర్‌పేట దుకాణాలకు వేసి రావాలి. గేటు పక్క గోడమీద సూపర్‌వైజరు ప్రతి నెలా ఒక కాగితం అంటించేవాడు. ఏ బండి లీటరుకు ఎంత దూరం నడిచిందో అందులో వరసగా రాసి ఉండేది. వరుసగా మూడు నెలలు అట్టడుగున ఉన్నవాడి చేతిలోంచి తాళంచెవి తీసుకుని ట్రేలు మోయడానికి పంపేవారు. రెండు నెలలు వరుసగా నా పేరే అడుగున ఉంది. నాకు ఉద్యోగం వచ్చిందని మా అమ్మ పేట్ బషీరాబాద్ చర్చిలో అందరి ముందూ నిలబడి కృతజ్ఞత చెప్పుకుంది. బండి లాగేసుకోబోతున్నారని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు.

అప్పుడు నా పక్కన వచ్చి కూర్చున్నవాడు గౌస్ భాయ్. శామీర్‌పేట మనిషి, యాభై దాటాయి. అందరికంటే పాత డ్రైవరు. దూలపల్లి నుంచి మేడ్చల్ దాకా నా కాళ్లనే చూస్తూ వచ్చాడు. బండి ఆపాక అడిగాడు.

"బ్రేకు ఎన్నిసార్లు తొక్కినవ్ దావీదూ?"

"యాదికి లేదు భాయ్."

"నలభై ఒకటి. నేను లెక్కవెట్టిన. డీజిల్ గాల్చి ఉరికిస్తివి, గా ఉరుకుడంత బ్రేకుల వోస్తివి. ఇగ యాడ మిగుల్తది?"

ఆ నెలంతా ఆయన నాకు దూరం చూడటం నేర్పాడు. ముందు బస్సు ఆగబోతోందని దాని వెనక లైటు కంటే ముందే, స్టాపులో నిలబడ్డ మనుషులను చూసి తెలుసుకోవడం. ఇంజన్ మూలగకముందే గేరు మార్చడం. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచకపోవడం. ప్రతి సోమవారం టైర్లలో గాలి చూసుకోవడం. రైల్వే గేటు పడితే ఇంజన్ ఆపేయడం. నా పేరు కాగితంలో మెల్లగా పైకి వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. నాకు మొదటి పేరు కావాలనిపించింది. వాలులో ఇంజన్ ఆపేసి బండిని దానంతట దాన్ని దొర్లనిస్తే చుక్క డీజిల్ కాలదని మరో డ్రైవరు చెప్పాడు. ఒకసారి అలా చేస్తుంటే గౌస్ భాయ్ చూశాడు. ఆయన గొంతు పెంచడం అదొక్కసారే విన్నాను.

"పాగల్‌వా? ఇంజన్ బందైతే బ్రేకు రాయిలెక్క గట్టిగైతది. స్టీరింగ్ గూడ తిరగది. గేర్ల ఉంచి కాలు తీస్తె సాలు, డీజిల్ దాగది. ఇంకోపారి గిట్ల జెయ్యకు."

సరే అన్నాను. ఆయన లేనప్పుడు చేస్తూనే ఉన్నాను.

రంజాన్ నెల. కొత్త దుకాణాలు చూపిస్తానని ఆయన నాతో వచ్చాడు. ఉపవాసంతో ఉన్నాడు, ఎండకు కళ్లు మూతలు పడ్డాయి. శామీర్‌పేట వైపు దిగే వాలు వచ్చింది. ఆయన నిద్రపోతున్నాడని చూసుకుని మరీ ఇంజన్ ఆపాను. దిగువన పక్కదారిలోంచి గడ్డి ట్రాక్టరు నెమ్మదిగా రోడ్డెక్కింది. అది నాకు చాలా దూరం నుంచే కనిపించింది. బ్రేకు తొక్కాను. రెండోసారి తొక్కేసరికి బ్రేకు కదలలేదు. రెండు చేతులతో లాగినా స్టీరింగు సరిగా తిరగలేదు. బండి ఎడమవైపు ట్రాలీకి గుద్దుకుంది. ఆయన కూర్చున్న వైపు.

ఆసుపత్రిలో ఆయన ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ట్రాక్టరు ఒక్కసారిగా అడ్డం వచ్చిందని నేను పోలీసులకు చెప్పాను. ఆ ట్రాక్టరు రైతును స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మూడో రోజు పోలీసులు గౌస్ భాయ్ వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. నన్ను కాపాడతాడనే అనుకున్నాను.

"ట్రాక్టరాయనది తప్పు లేదు సాబ్" అన్నాడు, నన్ను చూస్తూనే. "నాకు మెలకువొచ్చేసరికి మా ఇంజన్ సప్పుడు లేదు. గీ పిలగాడు బంద్ జేసిండు."

ఉద్యోగం పోయింది. కేసైంది. లైసెన్సు చాలాకాలం నా చేతిలో లేదు. కాలు పోయిన మనిషి మీద నేను కోపం పెంచుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నిజం. నెల దాటాక ఆయన ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే అడిగేశాను, ఎందుకు చెప్పావని.

"గా ట్రాక్టరాయన మూడొద్దులు ఇంటికి వోలే దావీదూ. పెండ్లాం ఠాణా ముంగట గూసుందంట. ఆమె మొఖం జూసినవా నువ్వు?"

చూడలేదు. ఆ మూడు రోజుల్లో ఆ రైతు నా తలపులోకే రాలేదు. అప్పుడు ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. లోపలికి రమ్మని మాత్రం అన్నాడు. ఆయన భార్య నా ముందు నీళ్ల గ్లాసు పెట్టి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఆ తరువాత రెండేళ్లు బతికాడు. షుగరు వల్ల రెండో కాలికి పుండు పడింది. ఫ్యాక్టరీ గోడమీద కాగితం మాత్రం నెలనెలా అంటిస్తూనే ఉన్నారని విన్నాను. జనాజా రోజు శ్మశానం గోడ బయటే నిలబడ్డాను, లోపలికి ఎవరూ పిలవలేదు. పిలవకపోవడంలో తప్పులేదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి డ్రైవరుకూ, తాళంచెవి ఇవ్వకముందే, ఆ మధ్యాహ్నం నేను చేసిన పని చెబుతాను. నిద్రపోతున్నాడని చూసుకుని ఆపానని, ఆ మాట కూడా వదలకుండా చెబుతాను. కొందరు తల దించుకుంటారు, కొందరు ఫోను చూసుకుంటారు. ట్రాక్టరు అడ్డం వచ్చిందనే మాట ఈనాటికీ నాలుక చివరికి ముందుగా వస్తుంది. దాన్ని మింగి, నేనే చేశానంటాను.