రెండోసారి అడగని మేనేజరుగారు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేసిన రోజుల్లోనే, ఎవరేం ఇవ్వబోయినా మొదట వద్దనడమే మర్యాదని మా కోనసీమవాళ్ళందరిలాగే నేనూ గట్టిగా నమ్మేదాన్ని. కాఫీ ఇస్తే "ఇప్పుడే తాగొచ్చేనండీ" అనాలి (తాగి ఉండం). వాళ్ళు మళ్ళీ అడగాలి. అప్పుడు మొహమాటంగా గ్లాసు అందుకోవాలి. డిగ్రీ అయ్యాక మలికిపురంలో ఒక కొబ్బరిపీచు కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్తూ ఈ మర్యాదనంతా వెంటబెట్టుకునే వెళ్ళాను. నాన్న మస్కట్ నుంచి నడుంనొప్పితో తిరిగొచ్చేశారు. ఇల్లు అమ్మ కుట్టుమిషను మీదే నడుస్తోంది. ఆ ఉద్యోగం నాకెంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

చెన్నై నుంచి కొత్తగా వచ్చిన మేనేజరుగారు నా సర్టిఫికెట్లు చూసి, "బాగుంది. సోమవారం నుంచి వస్తారా?" అన్నారు. నా నోరు ఊరుకుంటేనా! "అబ్బే, నాకన్నా బాగా చేసేవాళ్ళు ఉంటారు కదండీ, చూసుకోండి" అనేశాను. ఆయన "సరే" అని బెల్లు కొట్టి తర్వాతివాళ్ళను పిలిచారు. మళ్ళీ అడుగుతారేమోనని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పట్టించానో!

ఇంటికి వెళ్ళే ధైర్యం లేక, మా వీధి చివర ఉండే ఇంగ్లీషు మాస్టారి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన పడీపడీ నవ్వి, లావుపాటి డిక్షనరీ తీశారు. "రిక్వెస్ట్ అంటే మనవి అని పరీక్షల్లో రాసేసేవు, ఆ మాట ఎక్కడ పుట్టిందో చూసేవా? లాటిన్లోనమ్మా. మళ్ళీ వెతకడం, మళ్ళీ అడగడం అని. అది కావలసినవాళ్ళు చేసుకునే పని. మనమేమో ఆ మళ్ళీ అడగడాన్ని ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టేసి కూర్చుంటాం. లే, వెళ్ళి నువ్వే అడుగు."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, "ఆ ఉద్యోగం నాకు కావాలండీ. నిన్న మర్యాదకి వద్దన్నానండీ" అన్నాను. మేనేజరుగారు తల పట్టుకున్నారు.

"నిన్న నలుగురు వచ్చారు. నలుగురూ ఇలాగే అన్నారు! ఇక్కడ ఎవరికీ ఉద్యోగాలు అక్కర్లేదని హెడ్డాఫీసుకు రాయబోతున్నాను."

"ఆయ్, అందరికీ కావాలండీ. కానీ తిరిగొచ్చింది నేనొక్కదాన్నే కదండీ."

ఆయన నవ్వేశారు. సోమవారం చేరిపోయాను.

ఆ సాయంత్రమే మాస్టారింటికి వెళ్ళి, "మీ వల్లేనండీ" అన్నాను. "భలేదానివే, నేనేం చేసేనమ్మా, పోనిద్దూ" అంటూ ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన వద్దన్నారు కదా అని నేనూ ఊరుకున్నాను. ఆ తెలివితక్కువ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కళ్ళూ చెమ్మగిల్లుతాయి. నాన్న వైద్యం, తమ్ముడి చదువు, అన్నీ ఆ ఉద్యోగం మీదే గడిచాయి. మాస్టారు పోయి రెండేళ్ళయింది. ఆ మాట ఇంకోసారి అనాల్సింది, అనలేదు. ఇప్పుడంటున్నాను. మాస్టారూ, అంతా మీ వల్లేనండీ.