డ్యూటీకీ డి, దవాఖానకీ డి

సుసన్నక్కకు కోపమెక్కువని మా ఆఫీసులో అందరూ అనేవారు. ఎందుకు రాదో చెప్పండి! గనిలో కాలు పోగొట్టుకున్న మార్కు కూతురామె. మెట్రిక్ పాసై, గోదావరిఖనిలో మా గని ఆఫీసులోనే కార్డుల పంచింగ్ పనిలో చేరింది. ఎవరు ఎన్ని రోజులు గనిలోకి దిగారో కార్డుల మీద చిల్లులు పొడిస్తే, అవి పట్నంలోని కంప్యూటర్‌కు వెళ్లేవి.

బదిలీ పనివాళ్లంటే, ఎవరైనా రాకపోతే వాళ్ల చోట దిగేవాళ్లు. ఏడాదిలో నూట తొంభై మస్టర్లు, అంటే హాజర్లు, నిండితే పర్మినెంటు చేస్తామన్నారు. డెబ్బై ఏడులో ఆ జాబితా కంప్యూటరే తియ్యాలని పట్టుబట్టారు. ప్రోగ్రాం రాసింది పట్నం కాంట్రాక్టు కంపెనీ మనిషి లింగమూర్తి. అందులో ప్రతి లెక్కకూ ఒక పేరు పెట్టాలి. డ్యూటీ రోజులకు 'డి' అని పెట్టాడు. దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్న రోజుల్ని ఇక్కడేమంటారని మమ్మల్నే అడిగాడు. దవాఖాన అన్నాం. దానికీ 'డి' అనే రాసుకున్నాడు మహానుభావుడు!

జాబితా వచ్చింది. బదిలీ పనివాడు ఆగయ్య పేరు లేదు. రెండువందల నాలుగు మస్టర్లు చేసినవాడికి పదకొండే పడ్డాయి.

"సుసన్నక్కా, పదకొండు దినాలు నేను దవాఖానల పడున్న. కాలు మీద బండ వడ్డది గదా" అన్నాడు.

ప్రోగ్రాం పొడిచిన కార్డులూ మా దగ్గరే ఉండేవి, అక్క అవన్నీ తిరగేసింది. లెక్కకు పెట్టిన ఒక్కో పేరులో ఒక్క సంఖ్యే నిలుస్తుంది. రెండోది పెడితే మొదటిది పోతుంది. దెబ్బ తగలనివాళ్లకు రెండో సంఖ్య లేదు, వాళ్ల లెక్క బాగానే ఉంది. దెబ్బలు తిన్న పద్నాలుగు మందే ఎగిరిపోయారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక్క అక్షరానికి ఇంత గొడవేంటమ్మా?" అన్నాడు లింగమూర్తి, అక్క నిలదీస్తే.

"ఒక్కో పేరుకు ఆరు అక్షరాల దాక పడ్తయని మీరే చెప్పిండ్రు సార్. మీ ఇంట్ల ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒక్కటే పేరు పెడ్తరా?"

అక్క రెండు వేరు పేర్లతో కొత్త కార్డులు పొడిచింది. వారానికి కొత్త జాబితా వచ్చింది, పద్నాలుగు మందీ ఉన్నారు. అప్పటికే ఖాళీలన్నీ పాత జాబితాతో నింపేశారట! వచ్చే ఏడు మళ్లీ మొదటినుంచి మస్టర్లు నింపుకోమన్నాడు ఆఫీసరు.

అక్క ఆ మాట ఆగయ్యకు చెప్పలేక చెప్పింది.

"ఈసారి బండ వడ్డా దవాఖానకు పోనక్కా" అన్నాడు.