ప్రార్థన చీటీ మీద పేరు

మా అమ్మాయికి రాహేలు అని పేరు పెట్టింది నేనే. హెబ్రీలో ఆ మాటకు ఆడగొర్రె అని అర్థమని పాస్టరు గారు చెప్తే మా ఆయన పడీపడీ నవ్వారు. నాకు అర్థంతో పని లేదు. బైబిల్లో ఆ రాహేలు కోసం యాకోబు ఏడేళ్లు చాకిరీ చేశాడు, అవి అతనికి నాలుగు రోజుల్లా గడిచాయి. అంతగా ప్రేమ పొందిన మనిషి పేరు నా కూతురికి కావాలనుకున్నాను.

మా అత్తగారికి అది నచ్చలేదు. నరసాపురంలో మా ఇంటి అరుగు మీద లేసు అల్లుతూ, పని ఆపకుండానే అన్నారు.

"ఆవిడ ప్రయాణంలో, దారిలో బిడ్డను కని పోయిందమ్మా. వాళ్లక్క పేరు పెట్టు, లేయా అని. ఆరుగురు కొడుకుల్ని కన్నా ఆవిడకేం కాలేదు."

మొగుడు ఇష్టపడని ఆవిడ పేరు నా బిడ్డకెందుకండీ అన్నాను. టీచరు ఉద్యోగం చేస్తున్న పొగరు నాది. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ పోయేదాకా మనవరాలిని అమ్మడూ అన్నారే తప్ప రాహేలూ అని ఒక్కసారీ పిలవలేదు. మొండితనం అనుకున్నాను.

ఇప్పుడు అమ్మాయి కడుపుతో ఉంది, ఎనిమిదో నెల. బీపీ దిగడం లేదు, కాళ్లు పొంగాయి. ఇక్కడ కుదరదు, నొప్పులు మొదలవగానే భీమవరం తీసుకెళ్లిపొమ్మన్నారు డాక్టరు గారు. దారి అనే మాట వింటేనే నాకు భయంగా ఉంటోంది.

మొన్న అత్తగారి పెద్ద బైబిలు తీశాను. అందులో ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లు రాసుకునే పేజీ ఉంది. ఆవిడ రోజూ అది చూసే ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేసేవారు. మా అమ్మాయి పుట్టిన తేదీ పక్కన, పెన్సిలుతో, ఆవిడ వంకర అక్షరాల్లో లేయా అని ఉంది. బతికినన్నాళ్లూ ఆవిడ దాని కోసం ఆ పేరుతోనే ప్రార్థన చేశారన్నమాట. ఇప్పుడు ఆ ప్రార్థన చేసే మనిషి లేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీలు ఇచ్చారు. కష్టంలో ఉన్నవాళ్ల పేరు రాసిస్తే పాస్టరు గారు పైకి చదివి ప్రార్థిస్తారు. నా కూతురి పేరు రాయబోయి ఆగాను. లేయా, సుఖప్రసవం కోసం అని రాశాను.

పాస్టరు గారు చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కనే కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్న మా అమ్మాయి కూడా అంది. తర్వాత నా వైపు వంగింది.

"లేయా ఎవరమ్మా, పాపం?"

"మీ నానమ్మకి బాగా కావలసిన పిల్ల" అన్నాను.