పసుపు తుడిచి చూసిన చెయ్యి

టెక్కలి పోలీసు హెడ్డుగారు సింహాచలంగారు ఇక లేరు. ఇచ్ఛాపురం నుంచి వస్తూ పలాసలో రైలు దిగిన నాకు మా కచేరీ బంట్రోతు ఈ దుర్వార్త చెప్పాడు. నమ్మలేక వాణ్ణి కసిరాను. ఆయన నా అక్క భర్త. జనం నోట ఆయన చివరిదాకా హెడ్డుగారే. సర్కారు కాగితాల్లో మాత్రం వట్టి కానిస్టేబులుగా కన్నుమూశారు. అందుకు కారకుణ్ణి నేను. సంస్మరణలో ఇటువంటి మాట రాయడం మర్యాద కాదేమో, కానీ రాయక తప్పదు.

ఉద్దానంలో అడవిపందుల బెడదకు కొందరు గృహస్థులకు లైసెన్సు తుపాకులున్నాయి. ప్రతి తుపాకీ ఇనుము మీదా ఒక అంకె చెక్కి ఉంటుంది. అది ఎవరిదో కచేరీ పుస్తకంలో రాసి ఉంటుంది. దొంగల దగ్గర తుపాకీ దొరికితే, బావగారు ఆ అంకె పట్టుకుని అది చేతులు మారిన దారంతా వెనక్కి నడిచేవారు. “కాల్సినోడు రేపైనా దొరుకుతాడు. ముందు ఆడికి అమ్మినోడెవడో సూడండి” అనేవారు. ఆకురాయితో అరగదీసిన అంకె మీద దీపపు మసి పూసి, తడి కాగితం అద్ది, ఎండకు ఎత్తి చదివిన నిపుణులాయన.

ఏటేటా ఆ తుపాకుల తనిఖీ దసరా వెళ్లాక జరిగేది. అప్పటికి ప్రతి ఇంటా తుపాకీకి పూజ చేసి, నిండా పసుపు పూసి, బొట్టు పెట్టి ఉంచుతారు. అంకె ఆ పసుపు కింద ఉండిపోతుంది. బావగారు సంచిలో కొబ్బరి పీచు, చింతపండు వేసుకుని వెళ్లేవారు. “హెడ్డుగారు అంట్లు తోమడానికొచ్చేరా?” అని ఆడవాళ్లు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి, తుపాకీకి దణ్ణం పెట్టి, “తల్లీ, దోసం నాది, ఈ ఇంటిది కాదు” అని తన చేత్తోనే తుడిచేవారు. అంకె చదివాక ఆ ఇంటి పసుపే అడిగి మళ్లీ పూసి బొట్టు పెట్టేవారు. కర్తవ్యనిష్ఠ, పరుల భక్తి పట్ల గౌరవం ఒక్క మనిషిలో అలా కలిసి ఉండటం నేను మరెక్కడా చూడలేదు.

ఒక ఏడు ఆయనకు జ్వరం తగిలి, తన బదులు కచేరీలో గుమాస్తానైన నన్ను పంపారు. సంచి చేతికిచ్చి, “తుడిసి సూడు, మరవకు” అన్నారు. ఒక భూస్వామి ఇంట్లో నన్ను పీట వేసి కూర్చోబెట్టి కొబ్బరినీళ్లిచ్చారు. “పూజ సేసిన పసుపు బాబూ, తుడిత్తే ఇంటికి అరిట్టం” అంది ముసలమ్మ. నాకు మొహమాటం అడ్డొచ్చింది. పాత కాగితంలోని అంకె దించి, ‘చూచితిని’ అని సంతకం చేశాను. ఆ పసుపు కింద ఉన్నది కమ్మరి చేసిన అంకె లేని నాటు తుపాకీ. అసలుది అప్పటికే దొంగలకు అమ్ముడుపోయింది.

మూడు నెలలకు సముద్రపొడ్డు తోటలో దొంగలు కాపలావాణ్ణి కాల్చి చంపారు. తుపాకీ దొరికింది. మసి కాగితం మీద అంకె తేలింది. బావగారు నన్ను పిలిచారు.

“సూసేవురా?”

“సూసేను బావా.”

“పసుపు తుడిసేవా?”

నేను తల దించుకున్నాను.

విచారణలో భూస్వామి తరఫువారు, తుపాకీ ఇంట్లోనే ఉందన్న నా రాతనే అడ్డుపెట్టారు. అప్పుడు బావగారు దొర ముందు నిలబడి, తుడవమని గుమాస్తాకు చెప్పకపోవడం తన తప్పేనన్నారు. నా రాత చెల్లదని తేలి భూస్వామికి శిక్ష పడింది. బావగారి హెడ్డు పట్టీ ఊడింది. “నాకు పట్టీయే పోద్ది, నీకైతే ఉజ్జోగమే పోద్ది” అని అంతకు ముందే నాతో అన్నారు. నేను ఊరుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు ఊపిరి పీల్చుకున్నాను కూడా. తర్వాత ఒకసారి ఆయన దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటే, “పట్టీ కోసరం ఏడవకు. ఆ తోటోడి కోసరం ఏడు” అన్నారు. నేను ఆనాడు తుడిచి ఉంటే ఆ తుపాకీ కోసం అప్పుడే వెతుకులాట మొదలయ్యేది. కాపలావాడు బతికేవాడేమో. ఈ ఆలోచన నన్ను ఒక్కనాడూ వదల్లేదు.

మొన్న పదోనాడు కర్మ ముగిశాక అక్క ఆ సంచి తెచ్చి నా ముందు పెట్టింది. “ఆ ఏడు ఆయన సెప్పినా నువ్వు తుడవలేదని నాకెప్పుడో తెలుసురా” అంది.

“బావ సెప్పేడా?”

“ఆయనేటి సెప్తాడు? పట్టీ పోయిన్నాడు నువ్వు మా ఇంట అన్నం ముట్టలేదు. ఈ ఏడు తనిఖీకి ఎల్లేది నువ్వేనట గదా. తీసుకెల్లు.”

ఆ మహనీయుని లోటు ఈ తాలూకాకు తీరేది కాదు. ఆయన పాదాలకు నేను సమర్పించగలిగింది ఈ నిజం ఒక్కటే. అధికారులు దీన్ని చదివి, ఆయన పేరుకు హెడ్డు అన్న మాట తిరిగి చేర్చాలని వేడుకుంటున్నాను. నా పేరు నుంచి ఏది తీసేయాలో తీసేయండి. ఈ దసరాకు నన్ను పంపుతారో లేదో తెలియదు. ఎవరు వెళ్లినా, సంచి నా దగ్గర ఉంది. కొత్త పీచు వేసి ఉంచాను.