నేను గెలిచిన తగాదాలు

నందిగామ మునసబు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలకు నకళ్లు రాసే గుమాస్తాగా ఉండగా, పంతొమ్మిది వందల యాభైల చివర్లో నాకు పెళ్లయింది. ఆమెది జగ్గయ్యపేట. పొయ్యి దగ్గర మొదలుపెట్టిన మాట పెరట్లో బట్టలారేసే దాకా సాగేది. ఏదో అనేసి, నవ్వేసి, మరుక్షణం మరిచిపోయే మనిషి. నేను మరవను. ఎవరేమన్నా ఉన్నదున్నట్టు డైరీలో ఎక్కించడం నాకు చిన్ననాటి అలవాటు.

ఒక ఆదివారం, "నన్నెప్పుడైనా వేదాద్రి గుడికి తీసుకెళ్లారా అండీ?" అంది. డైరీ తెచ్చి చదివాను.

"మాఘమాసంలో బయల్దేరదామంటే తలనొప్పి, రానన్నావు. ఇదిగో, నీ మాటలే."

"కాపురం చేస్తున్నారా, కేసు నడుపుతున్నారా?" అంది నవ్వుతూ. నేను నవ్వలేదు. ఆ మాటా రాసుకున్నాను. తర్వాత రెండేళ్లలో ఎన్నోసార్లు అలా చదివి వినిపించాను. ప్రతిసారీ నేనే గెలిచాను.

మూడో ఏడు చెల్లెలి పురిటికని పుట్టింటికి వెళ్లిన మనిషి, ఆ బిడ్డ పుట్టి మూడు నెలలు దాటినా రాలేదు. బస్సెక్కి వెళ్లాను. ఒళ్లో బిడ్డతో గుమ్మంలో కూర్చున్న మరదలు నన్ను చూసి, "ఏం బావగారూ, సమన్లు పట్టుకొచ్చారా? అక్క ఇంట్లో లేదని రాసుకుని వెళ్లిపోండి" అంది. ఇంట్లో అందరూ నవ్వారు, నా భార్య తప్ప.

తర్వాత వసారాలో ఆమె నెమ్మదిగా అంది: "వస్తానండి. మీరు చెడ్డవాళ్లని నేనెక్కడా అనలా. నోరు తెరవాలంటే భయమేస్తోంది, ఈ మాట మళ్లీ ఎప్పుడు చదువుతారోనని. నా మాటలు రాయనని చెప్పండి."

"రాయను" అన్నాను.

మర్నాడే వచ్చింది. నేనూ మాట తప్పలేదు. అరవైల నాటి నా డైరీల్లో వానలున్నాయి, బస్సుల ఆలస్యాలున్నాయి, ఆమె లేదు. కానీ ఆమె భయం పోలేదు. కాగితం మీద పెట్టకపోయినా నేను మరవనని ఆమెకు తెలుసు. ఉప్పు సరిపోయిందా, నీళ్లు తోడనా, అంతవరకే. ఇంకేదో చెప్పబోయి నా ముఖం చూసి ఆగిపోయేది. "ఏదైనా చెప్పు" అనేవాణ్ణి. అదీ విచారణలాగే ఉండేది.

సాయంత్రం కోర్టు నుంచి వస్తుంటే, పక్కింటావిడతో ఆమె నవ్వే నవ్వు సందు మొదట్లోకే వినిపించేది. నేను చెప్పులు విడిచేసరికి ఆగిపోయేది. కొన్నాళ్లకు సందు మొదట్లో ఉన్న సోడా కొట్టు దగ్గర ఓ అరగంట నిలబడి ఇంటికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఆలస్యమైందేమని ఆమె ఎన్నడూ అడగలేదు.